జూకి గడప ఉంటుందా?

అభయ్ ఫోన్ చేసేసరికి ప్రణీత అహేరిలో పుట్టింటి వంటింట్లో పుంటికూర గిల్లుతూ కూర్చుంది. ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించి, చేతిపని ఆపకుండానే వింది.

"ప్రణీ, మనం మలేషియా పోతున్నం. ఆడ రెండు దినాలు ఆగి, ఆడికెల్లి బాలి. టికెట్లు వచ్చేసినయి. నేను, నువ్వు, అమ్మ."

మొదటి మాటకే ప్రణీత లేచి నిలబడింది. ఒళ్ళో ఆకులన్నీ వంటింటి నిండా పరుచుకున్నాయి. విమానం, సముద్రం, పక్కన అభయ్, అన్నీ ఒక్కసారే కళ్ళ ముందు తిరిగాయి. "అమ్మ" అన్న చివరి మాట మాత్రం కాస్త ఆలస్యంగా లోపలికి దిగింది.

సంగతి ఇదీ. ప్రణీత మామ దత్తయ్యకు మహారాష్ట్ర అంచున ఉన్న సిరోంచలో సిమెంటు, ఇనుప సామాన్ల దుకాణం ఉంది. సరుకు బాగా అమ్మిన డీలర్లను సిమెంటు కంపెనీవాళ్ళు విహారానికి తీసుకెళ్తారు. వానాకాలంలో ఇళ్ళ పనులు ఆగిపోతాయి కాబట్టి ఆ విహారం ఎప్పుడూ వానల్లోనే పడుతుంది. ఈసారి దత్తయ్యకు మూడు సీట్లు వచ్చాయి. ఆయనకు విమానమంటే భయం. ఆ మాట ఒప్పుకోలేక దుకాణం ఎవరు చూస్తారంటూ, సీట్లు పెళ్ళానికీ కొడుక్కీ కొత్త కోడలికీ రాసిచ్చేశాడు. అది ఏ నెలో ఆయన చూసుకోలేదు.

అది ఆషాఢం. కొత్త కోడలూ అత్తా ఒకే గడప దాటకూడని నెల. కొత్త దంపతులు ఒక కప్పు కింద ఉండకూడని నెల. అందుకే కదా, జ్యేష్ఠం చివర్లో పెళ్ళయిన ప్రణీత, అత్తగారింట్లో నాలుగు రోజులు గడిపిందో లేదో, పుట్టింటికి వచ్చి కూర్చుంది.

ఆమె తల్లి కళ్యాణి ఆకులన్నీ ఏరి, చేతులు కడుక్కుని, ఫోను స్పీకర్‌లో పెట్టి వియ్యపురాలు శారదమ్మతో మాట్లాడింది. బాగోగులయ్యాక, ఇబ్బందిగానే అసలు మాటకొచ్చింది.

"ఆషాఢం గదా వదినా. నాదేం లేదు. మీరెట్లంటే అట్ల."

అవతల శారదమ్మ మెల్లగా, "మీ మాటే కానిద్దాం వదినా. జాగ్రత్తగనే ఉంటం," అంది.

ఫోను పెట్టేసి కళ్యాణి కూతురి వైపు తిరిగింది. "చూసినవా, మీ అత్తమ్మకు పట్టింపు ఎక్కువ. ఆమె ఏ తలుపుల నుంచి పోతే నువ్వు ఆ తలుపు దిక్కు పోకు. ఇగ నీ ఇష్టం."

ప్రణీతకు సంతోషపడాలో బాధపడాలో తెలియలేదు. నిజం చెప్పాలంటే ఆమెకు అత్తగారంటే భయం కాదు, అయోమయం. పెళ్ళైన ఆ నాలుగు రోజుల్లో శారదమ్మ ఆమెతో అన్న మాట ఒక్కటే, "తిన్నవా బిడ్డా?" అది ప్రేమతో అడిగిందా, మర్యాదకు అడిగిందా? శ్రావణం రాగానే సిరోంచ వెళ్ళి జీవితమంతా ఆమెతో ఒకే ఇంట్లో ఉండాలి. ఆమెకు తాను నచ్చిందో లేదో ఈ ప్రయాణంలోనైనా తెలుసుకోవాలని ప్రణీత గట్టిగా అనుకుంది. కానీ ఒక్క గుమ్మం కూడా కలిసి దాటకుండా మనిషిని తెలుసుకోవడం ఎట్లా?

శారదమ్మ, అభయ్ సిరోంచ వంతెన దాటి కాళేశ్వరం మీదుగా, ప్రణీత తన తండ్రితో కలిసి మంచిర్యాల మీదుగా, వేర్వేరు దారుల్లో హైదరాబాదు చేరారు. విమానాశ్రయంలో మొదటి చిక్కు వచ్చింది. అద్దాల తలుపులు వాటంతటవే తెరుచుకుంటున్నాయి. గడప లేదు. కట్టె లేదు, పసుపు లేదు, నున్నటి నేలే. ఇది గడపా కాదా?

ఇంజనీరింగ్ చదివిన అభయ్ దీన్ని చాలా గంభీరంగా తీసుకున్నాడు. ఎత్తు లేనిది గడప కాదని వాదించాడు. శారదమ్మ వాదించలేదు. కొంగు సర్దుకుని, పెట్టె లాక్కుంటూ, దూరంగా ఉన్న ఇంకో తలుపు వైపు నడిచింది. అది చూసి ప్రణీత గబగబా పక్కకు జరిగి, ఇంకా దూరంగా ఉన్న మూడో తలుపు పట్టుకుంది. అభయ్ మధ్య తలుపులో ఒక్కడే నిలబడిపోయాడు. ఆ తలుపు మూసుకోబోతూ, అతన్ని చూసి మళ్ళీ తెరుచుకుంటోంది.

విమానం దగ్గర ఒక్కటే తలుపు. అక్కడ శారదమ్మే తీర్పు చెప్పింది. విమానమంటే బండి, బండికి గడప ఉండదు, సర్కారు ఎస్టీ బస్సుల అందరు ఒక్క తలుపు నుంచే ఎక్కుతరు గదా అని. ఆ లెక్కన బండ్లు మాఫీ, కట్టడాలు కాదు. ప్రణీత ఈ సూత్రాన్ని మనసులో రెండు మూడుసార్లు వల్లె వేసుకుంది. కిటికీ పక్క సీటు దొరికింది. మబ్బుల్ని పైనుంచి చూసింది. తల తిప్పితే పక్కన అత్తమ్మ కాదు, అభయ్ కాదు, ఎవరో డీలరు భార్య నోరు తెరిచి నిద్రపోతోంది.

కౌలాలంపూర్ హోటల్లో గదులు కూడా అట్లాగే పంచుకున్నారు. అభయ్ మగవాళ్ళ గదిలో, ప్రణీత ఆ డీలరు భార్యతో, శారదమ్మ ఇంకెవరితోనో. ముందు తలుపు నుంచి కోడలు, బండ్లు పెట్టే చోటి తలుపు నుంచి అత్త. పొద్దున ఫలహారాల దగ్గర శారదమ్మ ఈ చివర, ప్రణీత ఆ చివర కూర్చున్నారు. కొబ్బరిపాల అన్నం, పక్కన వేయించిన పల్లీలు. ఎంత బాగుందో చెప్పాలని ప్రణీత తల ఎత్తింది. శారదమ్మ అదే అన్నం తింటూ ఇటే చూస్తోంది. ఇద్దరూ ఒక్కసారే చూపు దించుకున్నారు.

మధ్యాహ్నం కంపెనీ బస్సు అందర్నీ జూకి తీసుకెళ్ళింది. నాలుగింటికల్లా మళ్ళీ బస్సు దగ్గర ఉండాలని, రేపు పొద్దున ఎత్తైన టవర్లు చూపించి సాయంత్రం బాలి విమానం ఎక్కిస్తానని గైడు చెప్పాడు.

జూ గేటు ముందు ముగ్గురూ ఆగిపోయారు. జూ ఇల్లు కాదు, బండి కాదు. పైన కప్పు లేదు. కానీ చుట్టూ కమ్మీల ప్రహరీ ఉంది, లోపలికి పోవడానికి తిరిగే ఇనుప గేటు ఒక్కటే ఉంది. అభయ్ తన సూత్రాలన్నీ తిరగేసి చూశాడు. ఏదీ పనికి రాలేదు.

"మీరిద్దరు పొండ్రి," అంది శారదమ్మ, గేటు పక్క బెంచీ మీద కూర్చుంటూ. "నేనీడ కూసుంట. ఇంత దూరం వచ్చి పులిని చూసుడేంది? మా తల్లిగారి ఊరు ములచేరల మా అన్న చేను కాడికి అదే వస్తది."

అభయ్ పకపకా నవ్వాడు. ప్రణీతకు నవ్వాలో వద్దో తెలియక సగం నవ్వింది.

లోపలికి వెళ్ళాక ఏం చెప్పాలి! ఇన్ని రోజుల తర్వాత మొగుడితో ఒంటరిగా మొదటిసారి. కప్పు లేదు కాబట్టి ఒకే కప్పు కింద ఉన్నట్టు కాదని అభయ్ తేల్చి, చెయ్యి పట్టుకున్నాడు. చేతికి చెమట పట్టినా ఎవరూ వదల్లేదు. చిన్న బండి ఎక్కారు, చినుకులు పడితే ఒక్క గొడుగు కిందికి దూరారు. ఏనుగును చూసి అభయ్ తమ అడవుల్లోని కమలాపూర్ క్యాంపు ఏనుగులే ఇంతకంటే లావన్నాడు. అట్లాగే ప్రతి జంతువునూ సిరోంచ తాలూకాతో పోల్చుకుంటూ నడిచారు. ప్రణీత అన్నిటికీ నవ్వింది. మధ్యలో ఎక్కడో నవ్వు ఆగిపోయేది. గేటు పక్క బెంచీ గుర్తొచ్చేది.

ఒకచోట విచిత్రమైన జంతువొకటి నీళ్ళలోంచి లేచి వచ్చింది. ముందు సగం నలుపు. నడుము నుంచి తెలుపు, ఎవరో తెల్లబట్ట కప్పినట్టు. వెనక కాళ్ళు మళ్ళీ నలుపు. పంది లాంటి ఒళ్ళు, పొట్టి తొండం లాంటి ముక్కు. బోర్డు మీద టేపిర్ అని ఉంది. పేరు చదివాక కూడా అదేమిటో ప్రణీతకు అర్థం కాలేదు. అది కూడా ఎటు పోవాలో తెలియనట్టు, నీళ్ళ వైపు రెండడుగులు, గడ్డి వైపు రెండడుగులు వేస్తోంది.

అభయ్ ఫొటోలు తీస్తున్నాడు. అత్తమ్మ ఇది చూస్తే ఏమనేదో అనుకుంది ప్రణీత. ఏదో ఒకటి అనేది, అందరూ నవ్వేవాళ్ళు. ఆ మాట వినాలని ఎంత గట్టిగా అనిపించిందంటే, అభయ్ చెయ్యి వదిలేసింది.

"నేను గేటు కాడికి పోయొస్త."

"ఏమైంది? కడుపుల నొస్తుందా?"

"లేదు. మీరుండ్రి. నేనొక్కదాన్నే పోత."

వచ్చిన దారినే వెనక్కి నడిచింది. అత్తమ్మతో ఏమనాలో తెలియదు. నేను బయట కూర్చుంటాను మీరు చూసి రండి అనాలా? అంటే, చెప్పడానికి నువ్వెవరు అనుకుంటుందా? గేటు దగ్గరికొచ్చాక ఇంకో చిక్కు. అది లోపలికి తిరిగే గేటే. బయటికి వెళ్ళేది ఇంకెక్కడో ఉంది. దాంతో ప్రణీత కమ్మీల దగ్గరే నిలబడిపోయింది. అవతల బెంచీ మీద శారదమ్మ. సంచీలోంచి మురుకులు తీసి నములుతూ, లోపలికి పోయేవాళ్ళందరినీ తేరిపార చూస్తోంది. చూసుడేంది అన్న మనిషి చూపులా లేదది.

"అత్తమ్మా."

శారదమ్మ ఉలిక్కిపడి లేచింది. "ఏమైంది బిడ్డా? వాడేడి?"

"ఏం కాలే. లోపల ఒక జంతువుంది అత్తమ్మా. అది పందో ఏనుగో తెలుస్తలేదు. మీరు చూస్తే చెప్తరని వచ్చిన."

శారదమ్మ కమ్మీల దగ్గరికి వచ్చింది. ఆమె అటు, ఈమె ఇటు. కమ్మీల సందులోంచి ఒక మురుకు కోడలి చేతిలో పెట్టింది. పక్కనుంచి పోతున్న ఒక చిన్నపిల్ల ఆగి, బోనులో ఉన్నదెవరు, బయట ఉన్నదెవరు అన్నట్టు ఇద్దర్నీ మార్చి మార్చి చూసి వెళ్ళింది.

"నాకు జిరాఫీని చూడాలని ఉండె," అంది శారదమ్మ, ఎటో చూస్తూ. ములచేరలో నాలుగో తరగతి దాకా మరాఠీ బడిలో చదివిందట. గోడ మీద జంతువుల పటం ఉండేదట. జిరాఫీ మెడ పటం పైకి పోయిందని, పైన ఇంకెంత ఉందో అని రోజూ అనుకునేదట.

"మరి రాకపోతిరి?"

"ఎట్ల వస్త? మీ అమ్మకు పట్టింపు గదా."

ప్రణీత చేతిలో మురుకు చేతిలోనే ఉండిపోయింది. "మా అమ్మకా? మీకే పట్టింపని మా అమ్మ చెప్పింది."

"నాకేం పట్టింపు? ఆషాఢం గదా అని ఆమెనే యాద్ చేసింది. బిడ్డనిచ్చిన తల్లి, ఏదన్న అయితె నన్నే అంటరని ఊకున్న." ఆ తర్వాత అన్న మాట మెల్లగా, కష్టంగా వచ్చింది. "నువ్వు సుత నన్ను చూడంగనే పక్క తలుపుకు ఉరుకుడే ఉరుకుడు. ఈ పిల్లకు నేను నచ్చనట్టుంది, ఇగ ఇంట్ల ఎట్ల కలిసుంటదో అని పరేషాన్ అయిన."

ప్రణీతకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఏది ముందు రావాలో తేలక ముక్కులోంచి విచిత్రమైన శబ్దం వచ్చింది. తాను కూడా సరిగ్గా అదే అనుకున్నానని చెప్పింది. పొద్దున కొబ్బరన్నం బాగుందని చెప్పబోయి ఆగిపోయానని కూడా చెప్పింది. శారదమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని భుజాలు కదిలేలా నవ్వింది. ఆమె అట్లా నవ్వుతుందని ప్రణీతకు తెలియదు.

తర్వాత మళ్ళీ ఇద్దరూ ఆలోచనలో పడ్డారు. ఎవరికీ పట్టింపు లేకపోతే ఇన్ని తలుపులు ఎందుకు మారినట్టు? ఇప్పుడు పాటించాలా, మానేయాలా? మానేస్తే కళ్యాణికి చెప్పాలా? చెబితే ఆమె సంతోషిస్తుందా, లేక ఆమెకు నిజంగానే పట్టింపు ఉందా? మీరెట్లంటే అట్ల అన్నదానికి అర్థం ఏమిటి? తన తల్లి మాటకు అర్థం తనకే తెలియడం లేదని ప్రణీతకు అప్పుడు తోచింది.

"ఇప్పుడు లోపలికి రండ్రి అత్తమ్మా," అంది చివరికి, గేటు వైపు చూపించి.

శారదమ్మ గేటు దాకా వెళ్ళింది. ఇనుప కమ్మీ మీద చెయ్యి కూడా వేసింది. అంతలో బస్సు హారన్ మోగింది. గైడు చేతులు ఊపుతూ అందర్నీ పిలుస్తున్నాడు. లోపలినుంచి అభయ్ తడిసిన గొడుగుతో పరుగెత్తుకొచ్చాడు. కమ్మీలకు అటూ ఇటూ నిలబడ్డ తల్లినీ పెళ్ళాన్నీ చూసి, కొట్లాడుకున్నారేమోనని ముఖం పాలిపోయింది. ఏమైందని ఇద్దర్నీ అడిగాడు. ఇద్దరూ ఏమీ కాలేదన్నారు. దాంతో అతని భయం ఇంకా పెరిగింది.

బస్సులో ప్రణీత పోయి అత్త పక్కన కూర్చుంది. బస్సు ఎట్లాగూ మాఫీయే కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు. అభయ్ వెనక సీట్లోంచి ముందుకు వంగి, రేపు టవర్లు ఎక్కడానికి పొద్దున్నే తయారుగా ఉండాలని గుర్తు చేశాడు.

"నువ్వు ఎక్కు బిడ్డా, ఎంత పైకి ఉంటె అంత పైకి ఎక్కు," అంది శారదమ్మ వెనక్కి తిరక్కుండానే. "నేను, ప్రణీత రేపు పొద్దుగాలనే టాక్సీ పట్టుకొని మళ్ళ ఇటే వస్తం. గేటు తెరువంగనే జిరాఫీ కాడికి పోతం."