అల్లుడికి పడని బ్రెడ్డు

మా బ్రెడ్డు దుకాణంలో ఒక పద్ధతి ఉంది. పొయ్యిలోంచి తీసిన మొదటి బ్రెడ్డు కోసి, మొదటి ముక్క చేసినవాడే తినాలి. తిన్నాకే అమ్మకం. నాకు పని నేర్పిన మేస్త్రి పెట్టిన పద్ధతి అది. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఆ ముక్క నేనే తింటున్నాను.

మోకాళ్ళు అరిగిపోయాయి. ఇక నావల్ల కాదని అల్లుడిని రమ్మన్నాను. అతను పనిచేసే కళ్ళజోళ్ళ దుకాణం అప్పుడే మూతపడింది. నెమ్మదస్తుడు. పిండి పిసికితే ముద్ద అతని మాట వింది. మా అమ్మాయి సంబరపడి దుకాణం మీది రెండు గదుల్లోకి సామాను చేర్చేసింది. అతను నిలబడితే దుకాణం ఉంటుంది. లేకపోతే తాళమే.

మొదటి రోజు మొదటి ముక్క అతని చేతికిచ్చాను. తిన్నాడు. కాసేపటికి పెదవులు ఉబ్బాయి. తర్వాత కళ్ళు. మొహమంతా దద్దుర్లు. ఎదురింటి దర్జీ వచ్చి చూసి, నన్ను పక్కకి పిలిచాడు.

"ఎంత అల్లుడైనా అలా కొట్టకూడదు పెద్దాయనా."

"నేను కొట్టలేదు."

"మరి మీ ఆవిడా?"

మూడు రోజులు ఆగి, వాపు తగ్గాక మళ్ళీ చిన్న ముక్క తిన్నాడు. మళ్ళీ అదే. బజారు చివర దుకాణంలో బ్రెడ్డు తెప్పించి తింటే మాత్రం ఏమీ కాలేదు.

"ఊళ్ళో అందరి బ్రెడ్డూ పడుతుంది నాన్నా, నీది తప్ప" అంది అమ్మాయి.

ఆ మాటకి నాకు రెండు పూటలు అన్నం సయించలేదు.

మా ఆవిడ మరీ. "అల్లుడుగారంటే మీకు లోపల ఏదో ఉంది. అదే ముద్దలోకి దిగుతోంది" అంది.

"నాకేం లేదు."

"ఉన్నా చెబుతారా మీరు?"

డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆవిడ అల్లుడి చేతిమీద వరసగా చుక్కలు వేసి సూదితో గీరింది. గోధుమ, పాలు, గుడ్డు, ఈస్టు, ఇంకా ఏవేవో. పావుగంట కూర్చున్నాం. ఒక్క చుక్క దగ్గర మాత్రం శనగగింజంత దద్దురు లేచింది.

"గోధుమ కాదు, ఈస్టు కాదు. నువ్వులు" అంది డాక్టరు. "ఇతను నువ్వులు ముట్టకూడదు. ఈసారి ఊపిరాడకపోవచ్చు. మీ బ్రెడ్డులో వేస్తారా?"

"వెయ్యను."

"ఏమేం వేస్తారు?"

"మైదా. నీళ్ళు. ఉప్పు. ఈస్టు."

"ఇంకేమీ లేదా?"

"లేదు."

అబద్ధం చెప్పలేదు. వారానికి రెండు రోజులు నువ్వుల బన్నులు చేస్తాను గానీ అవి వేరు, బ్రెడ్డు వేరు. అల్లుడు వాటి జోలికే వెళ్ళడు.

ఇంటికొచ్చాక అమ్మాయి పెట్టెలు సర్దడం మొదలుపెట్టింది. "చేసినవాడు తినకుండా నువ్వు అమ్మనివ్వవు. తింటే ఈయనకి ప్రాణం మీదికొస్తుంది. మేమిక్కడ ఎందుకు నాన్నా?" అంది.

అల్లుడు మాత్రం ఒక్క రోజు గడువడిగాడు. మర్నాడు పొద్దున్న దుకాణంలో గుమ్మం దగ్గర స్టూలు వేసుకుని, మొహానికి తువ్వాలు చుట్టుకుని కూర్చున్నాడు. చేతిలో నోటుపుస్తకం. నేనేం చేస్తే అది రాస్తున్నాడు. తుమ్మినా రాశాడు.

నేను అలమారలోంచి మూత గిన్నె తీసి, అందులోని ముద్దని కొత్త పిండిలో వేశాను. అతని కలం ఆగింది.

"అదేంటి మామయ్యా?"

"పాతముద్ద."

"అంటే?"

"రోజూ చివర్న మిగిలిన పిండి దాస్తాను. మర్నాటి పిండిలో కలుపుతాను. ఈస్టు చిటికెడే, రుచీ పొంగూ దీనివల్లే."

"డాక్టరుగారికి చెప్పలేదే?"

"ఏం వేస్తారని అడిగింది. ఇది వేసేది కాదు. ఇది పిండే."

"ఇందులో ఏముంది?"

"నిన్నటి పిండి."

"నిన్నటిదాంట్లో?"

"మొన్నటిది."

"మొన్న ఏం చేశారు?"

"నువ్వుల బన్నులు."

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

నువ్వులు అద్దిన పిండిని బన్నులకి కోసినప్పుడు అంచులు మిగులుతాయి. వాటిని పారెయ్యడం నాకు చేతకాదు. ముద్దలోకి నొక్కేస్తాను. ఆ సంగతీ చెప్పాను. చెప్పకపోతే ఇక అతను ఉండడు. ముద్దని బల్లమీద పరిచి కళ్ళజోడు పెట్టుకుని వెతికాను. నువ్వుగింజ ఒకటి దొరికింది. తర్వాత రెండు.

"ఎన్నేళ్ళనుంచి ఇలా కలుపుతున్నారు?"

"దుకాణం తెరిచినప్పటినుంచి."

అల్లుడు లెక్క వెయ్యబోయి మానేశాడు.

ఈలోగా మా ఆవిడ దిగొచ్చింది. సంగతంతా విని నడుంమీద చేతులు పెట్టుకుంది.

"పారెయ్యండి."

"ఇది మేస్త్రి ఇచ్చిన ముద్ద."

"ఇస్తే? రేపు ఇది మిమ్మల్ని తాతా అని పిలుస్తుందా?"

ముద్ద నా చేతిలో వెచ్చగా ఉంది. నా పెళ్ళికి, మా అమ్మాయి పుట్టుకకి ముందుది. పెరట్లో గొయ్యి తీసి అందులో పెట్టి మట్టి కప్పాను. నువ్వుల డబ్బా ఎత్తి దర్జీకిచ్చేశాను. గిన్నెలు, బల్ల, అచ్చులు, పిండి కలిపే మిషను వేడినీళ్ళతో రెండుసార్లు కడిగాం. బ్రష్షులు, గుడ్డలు కొత్తవి కొన్నాను. నువ్వుల బన్నులు ఇక లేవని గోడమీద అల్లుడు అందంగా రాసి పెట్టాడు. వాటికోసమే వచ్చే రిటైరైన టీచరమ్మ అది చదివి, నాతో పలకరింపులు మానేసింది.

కొత్త ముద్ద మొదలుపెట్టాను. పదిరోజులపాటు బ్రెడ్డు అట్టముక్కలా వచ్చింది. పోస్టుమాన్ కొరికి, "పెద్దాయనకి ఒంట్లో బాగాలేదా?" అని మా ఆవిడని అడిగాడట. పదకొండో రోజు కాస్త పొంగింది. పన్నెండో రోజు బ్రెడ్డులా కనిపించింది.

ఆ రోజు మొదటి ముక్క అల్లుడికిచ్చాను. డాక్టరు రాసిచ్చిన మందు పక్కనే పెట్టుకున్నాడు. నేను, మా ఆవిడ, అమ్మాయి ఎదురుగా వరసగా కూర్చుని అతని పెదవులనే చూస్తున్నాం.

"మీరలా చూస్తుంటే నమలడం కుదరట్లేదు" అన్నాడు.

చూడ్డం ఆపలేదు. పావుగంట. అరగంట. గంట. పెదవులు పెదవుల్లాగే ఉన్నాయి. మా ఆవిడ లేచి అతని గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. అమ్మాయి పైకెళ్ళి పెట్టెల్లోంచి బట్టలు తియ్యడం మొదలుపెట్టింది.

మర్నాడు రాత్రి తాళాలు అతనికిచ్చి నేను పడుకున్నాను. తెల్లారేదాకా అటూ ఇటూ దొర్లి, చివరికి చొక్కా వేసుకుని వెళ్ళి పోస్టుమాన్ వెనక వరసలో నిలబడ్డాను. నా వంతు వచ్చింది. అల్లుడు బ్రెడ్డు కోసి ఒక ముక్క నా చేతిలో పెట్టాడు.

"ఎలా ఉంది మామయ్యా?"

ఉప్పు కాస్త తక్కువైంది.

"ఇంకో ముక్క కొయ్యి" అన్నాను.