సగం లేచిన మనిషి

కుర్చీలో ఏమైనా గుచ్చుకుంటోందా అమ్మా అని అడగడానికి అసలు ఆవిడెవరు? బట్టలు కుట్టుకునే మనిషికి కోర్టు మర్యాదలేం తెలుస్తాయి?

అద్దం ముందు నిలబడి మెడకు తెల్లపట్టీ కట్టుకుంటూ ఆమె మళ్ళీ ఆ మాట దగ్గరికే వచ్చింది. పోయిన వాయిదా నాడు విన్న మాట. పంటి సందున ఇరుక్కున్న పీచులాగా, వద్దనుకున్నా నాలుక అక్కడికే పోతోంది. ముడి వంకరగా పడింది. విప్పి మళ్ళీ కట్టింది. మళ్ళీ వంకరే. వంటగదిలో కుళాయి టప్పు టప్పుమంటోంది.

"ఆ కుళాయి సంగతి చూడమని ఎన్నిసార్లు చెప్పాలి?"

"చూస్తూనే ఉన్నాగా," అన్నాడు భర్త, పేపర్లోంచి తల ఎత్తకుండా.

"నువ్వు చూస్తే ఆగుతుందా? అదేమన్నా నీకు భయపడుతుందా?"

"నువ్వు అరిచినా ఆగలేదుగా." కాఫీ కప్పు ఆమెవైపు జరిపాడు. "కోర్టులో నోరెత్తవు. అక్కడ మిగిల్చిన నోరంతా ఇంటికి మోసుకొస్తావు. తాగు, చల్లారిపోతుంది."

తాగలేదు. నవ్వుతూ అన్నాడు కాబట్టి ఇంకా మండింది. అబద్ధమైతే ఆ పూటకి మరిచిపోయేది.

నగర గృహ నియంత్రణ విభాగంలో ఆమె ప్రభుత్వ సీనియర్ న్యాయవాది. అద్దెకిచ్చిన ఇళ్ళను మనుషులు బతకదగ్గట్టు ఉంచని యజమానులను కోర్టుకి లాగడం ఆ విభాగం పని. పొట్టి మనిషి. బిగుసుకున్న దవడ. నుదుటి మీద ఎప్పుడూ ఒక నిలువు గీత. ఆఫీసులో చాటుగా 'అగ్గిపెట్టె' అంటారని ఆమెకు తెలుసు. గుమాస్తాలూ ఇంజనీర్లూ ఆ మంట రుచి చూసినవాళ్ళే. కోర్టు గడప తొక్కేసరికి మాత్రం ఆ పెట్టె తడిసిపోతుంది.

అక్కడొక అలవాటు ఉంది. మరమ్మతు మొదలైందని యజమాని వకీలు ఫొటోలు చూపించి గడువు అడుగుతాడు. జడ్జి కాగితాల్లోంచి తల ఎత్తకుండానే, "ప్రభుత్వం వారికి అభ్యంతరమా?" అంటాడు. ప్రభుత్వం వారు కుర్చీ చేతుల మీద బరువు వేసి, సగం లేచి, "లేదండి" అని కూర్చుంటారు. పని మొదలుపెట్టినవాడికి అడ్డం పడకూడదన్నది విభాగం పద్ధతి. మొదట్లో ఆమె పూర్తిగానే లేచేది. కేసులు పెరిగాయి, మోకాళ్ళు అరిగాయి. ఇప్పుడు ప్రశ్న పూర్తికాకముందే మోకాళ్ళు వాటంతటవే సగం లేచి ఆగుతాయి.

ఆ మాటన్న టైలరమ్మ కేసు చెక్కమెట్లది. పాత మేడ, పై అంతస్తులన్నిటికీ ఒక్కటే దారి. మెట్లు పుచ్చిపోయాయి. పట్టుకునే కమ్మీ స్థానంలో తాడు కట్టారు. వాయిదా దగ్గరపడగానే యజమాని పరంజా కర్రలు కట్టించి ఫొటోలు తీయిస్తాడు. వాయిదా అవగానే కర్రలు మాయం.

"మా ఇంటికి చుట్టాల్లాగా వస్తాయమ్మా ఆ కర్రలు," అంది టైలరమ్మ ఒకసారి. "ఫొటో దిగి వెళ్ళిపోతాయి. మంచినీళ్ళు కూడా ముట్టవు."

లాయరుగా ఆమె స్వయంగా వెళ్ళి ఆ మెట్లు చూసింది. కాలు పెడితే మెట్టు మూలిగింది. ఆఫీసుకి తిరిగొచ్చి ఇంజనీరుని ఉతికి ఆరేసింది. ఆ తర్వాతి వాయిదాకి సగం లేచింది. ఆ రోజే, బయటికి వస్తుంటే వరండాలో టైలరమ్మ అడిగింది.

"ప్రతిసారీ సగం లేచి కూర్చుంటారేంటమ్మా? కుర్చీలో ఏమైనా గుచ్చుకుంటోందా? మెత్తటి దిండు కుట్టి తెస్తాన్లెండి."

వరండాలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఫైలు చంకన పెట్టుకుని గబగబా వచ్చేసింది.

ఇవాళ మళ్ళీ అదే కేసు. ఆవిడకేం చెప్పాలో దారంతా తయారుచేసుకుంది. చట్టం అంటే గుండీ కుట్టినంత తేలిక కాదమ్మా అనాలి. కాదు, అంతకంటే కటువుగా అనాలి. కోర్టు మెట్లెక్కుతుంటే వాటి మీద కూడా కోపం వచ్చింది. వెడల్పాటి రాతిమెట్లు, ఏనుగు ఎక్కినా కదలవు. ఎవరి కోసం ఇంత గట్టిగా కట్టారు?

వరండా చివర కిటికీ కింద బెంచీ. టైలరమ్మ అందరికంటే ముందొచ్చి, ఆ మూల తన అతుకుల దిండు వేసుకుని కూర్చునేది. ఇవాళ ఆ చోటు ఖాళీ. పక్కన గోడకి ఆనుకుని గడియారాలు బాగుచేసేవాడు నిలబడి ఉన్నాడు. టైలరమ్మ వాటాకి పై అంతస్తులో ఉంటాడు. చేతిలో గుడ్డసంచి.

"ఆవిడేది? రాలేదా?"

"పోయిందమ్మా. మొన్న పొద్దున."

ఆమెకు ముందు ఆ మెట్లే కనిపించాయి. "పడిందా?"

"పడలేదు. పడితే కిందికన్నా చేరేది." అతను సంచి ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నాడు. "గుండెల్లో నొప్పంది. అంబులెన్సు వెంటనే వచ్చింది, పాపం వాళ్ళ తప్పేం లేదు. స్ట్రెచరూ, మోసేవాళ్ళూ, ఆవిడా... ఇంత బరువు మెట్లు ఆగుతాయా అని కింద నిలబడి ఆలోచించారు. కుర్చీలో దింపుదామని ఒకరు, తాడు కట్టి దింపుదామని ఒకరు. అందరం ఆలోచించాం. తలుపు దగ్గర గోడకి ఆనుకుని మమ్మల్నే చూస్తా కూర్చుంది. మేం ఆలోచిస్తుండగానే అయిపోయింది."

ఆమె చూపు బెంచీ మీది ఖాళీ మూలకి పోయింది.

అతను సంచిలోంచి దిండు తీశాడు. రంగురంగుల గుడ్డముక్కలు అతికినది. ఒక పక్క కుట్టు పూర్తికాలేదు, దూది కనిపిస్తోంది. దారం ఎక్కించిన సూది గుడ్డకే గుచ్చి ఉంది.

"లాయరమ్మకి అని మొదలుపెట్టింది. మిగతాది కుట్టి ఇవ్వమంటే మా అమ్మాయి ఒప్పుకోలేదు, ఆవిడ చేతికుట్టు పక్కన నా కుట్టు ఏం బాగుంటుంది నాన్నా అంది. తనే తెచ్చేది గానీ నెలలు నిండుతున్నాయి. దిగనివ్వడంలేదు నేను."

"ఇప్పుడిది నాకెందుకు తెచ్చావు?" అరిచేసింది. పక్కనున్న వాళ్ళు తిరిగి చూశారు.

"దిండే కదమ్మా," అన్నాడతను మెల్లగా.

లోపలినుంచి కేసు పిలిచారు. అతను చేతిలో పెట్టిన దిండుతోనే వెళ్ళి కూర్చుంది. యజమాని వకీలు, కోర్టులో అందరూ 'వెన్నముద్ద' అనే ఆయన, అప్పటికే లేచి ఉన్నాడు.

"ఫిర్యాదు చేసినావిడ దురదృష్టవశాత్తూ కాలం చేశారు సార్. మా యజమాని చాలా బాధపడుతున్నారు. మరమ్మతు పని కూడా మొదలైంది, ఫొటోలు ఇవిగో. ఇక కేసు మూసేయవచ్చని మనవి." ఆమెవైపు వంగి గొంతు తగ్గించాడు. "మీకూ ఒక బరువు దిగుతుంది కదక్కయ్యా."

ఫొటోల్లో అవే కర్రలు.

మూసేస్తే ఆ మెట్లని ఇక ఎవరూ అడగరు. నెలలు నిండిన పిల్ల వాటి మీదనుంచే దిగాలి. పసిబిడ్డతో వాటి మీదనుంచే ఎక్కాలి. మళ్ళీ అందరూ కింద నిలబడి ఆలోచిస్తారు.

"ప్రభుత్వం వారికి అభ్యంతరమా?"

మోకాళ్ళు వాటంతటవే లేచాయి. సగం దాకా వచ్చి, ఎప్పటిలాగే ఆగాయి. 'లేదండి' నాలుక చివరికి వచ్చింది. చేతిలోని దిండుని ఎంత గట్టిగా నొక్కిందో ఆమెకే తెలియలేదు. అరచేతిలో సూది దిగింది.

దిండు వదిలేసింది. మోకాళ్ళు కలుక్కుమన్నా ఆగలేదు. పూర్తిగా లేచి నిటారుగా నిలబడింది.

"ఉంది," అంది. వంటగదిలో అరిచే గొంతు అది. ఆ గదిలో ఇంతవరకూ ఎవరూ వినలేదు.

జడ్జి కాగితాల్లోంచి తల ఎత్తాడు. వెన్నముద్ద నోరు తెరిచి ఉండిపోయాడు. ఆమె కూర్చోలేదు. వెనక, కుర్చీలో పడిన దిండుకి కుట్టని పక్క పైకి ఉంది. సూది నుంచి వేలాడుతున్న దారం ఫ్యాను గాలికి మెల్లగా ఊగుతోంది.