చూరు కింద పెంకు

ఉదయశ్రీ మోకాళ్ళ కింది రబ్బరు పలకను ముందుకు జరుపుకుని మళ్ళీ తాపీతో మట్టి గీకింది. వేలి మందాన, తనవైపుకి. గీకిన మట్టి చేటలోకి, చేటలోది బకెట్లోకి, బకెట్ నిండితే గట్టు మీది కుప్పలోకి. వసంతం నుంచీ ఇదే పని. నెక్కర్ నది దగ్గరి ఈ బార్లీ చేనులో రోమన్ల కాలంలో ఎవరో రైతు ఇల్లుండేదట. ఇప్పుడు దాని మీదుగా రోడ్డు పడుతోంది. ఈ ఒక్క గోడ పక్కే మిగిలింది. రేపు యంత్రం వస్తుంది, ఆలోపు పాతవేమున్నా తవ్వి తీసెయ్యాలి.

"ఊర్ల మక్కచేన్లకు పోనన్నదానివి, జర్మనోళ్ళ మట్టి ఎత్తుతున్నవా?" అని భర్త రవికిరణ్ ఆటపట్టిస్తుంటాడు. ఇంటర్ మధ్యలో చదువు ఆగిపోయిన ఆమెకు ఇక్కడ దొరికిన మొదటి పని ఇది. భాష అంతంత మాత్రమైనా మోకాళ్ళు గట్టిగా ఉంటే చాలు.

జేబులో ఫోన్‌ను మాటిమాటికీ తడుముకుంటోంది. పొద్దున కీటాలో, పసిపిల్లల బడిలో, దింపేటప్పుడు కూతురు తన్వి ఒళ్ళు వెచ్చగా తగిలింది. జాకెట్ వేడిలే అని తనకు తానే చెప్పుకుంది. నమ్మకం మాత్రం కుదరలేదు.

గోడ మొదట్లో తాపీకి పెంకు తగిలింది. కూలి పడినట్టు లేదు, ఎవరో బోర్లించి పెట్టినట్టుంది. తవ్వకం పెద్ద ఉల్రికెను పిలిచింది. ఇద్దరూ కలిసి ఎత్తారు.

కింద సన్నటి పుల్లల్లాంటి ఎముకలు. కోడివేమో అనుకుంది. పక్కన మట్టి తొలగిస్తే గుడ్డుపెంకులా నలిగిన చిన్న తల.

"పసిబిడ్డ," అంది ఉల్రికె నెమ్మదిగా. "పళ్ళు రాని పిల్లల్ని వాళ్ళు కాల్చేవాళ్ళు కాదు. ఇంటి చూరు కిందే పెట్టుకునేవాళ్ళు. నువ్వే శుభ్రం చెయ్యి ఉదయా. వాన వచ్చేలోపు ఫొటో తీసి ఎత్తెయ్యాలి. తుడిచిన చోట ఒక్క మట్టి రవ్వ పడకూడదు, తెలుసుగా."

మా దగ్గరా కాల్చరు అనబోయింది. జర్మన్ మాటలు అందలేదు. కుంచె తీసుకుంది.

జగిత్యాల ఆసుపత్రిలో మొదటి బిడ్డ, పేరు పెట్టకముందే పోయింది. అత్త పాత చీరముక్కలో చుట్టి మగవాళ్ళ చేతికిచ్చింది. "బాలెంతవు, నువ్వు రావద్దు" అని తలుపు దగ్గరికి వేసింది. తిరిగొచ్చిన రవికిరణ్ గోళ్ళలో ఎర్రమట్టి ఉంది. ఎక్కడని ఆమె అడగలేదు. అతను చెప్పలేదు. ఆ చోటి మీద కూడా ఈపాటికి ఏ రోడ్డో పడే ఉంటుంది.

పక్కటెముకలు ఒక్కొక్కటే బయటపడుతుంటే ఫోన్ మోగింది. కీటా. తన్వికి జ్వరం ఎక్కువగా ఉంది, మగతగా పడుకుంది, వెంటనే రండి.

రవికిరణ్ రెండోసారికి ఎత్తాడు. "మీటింగ్ల ఉన్న. ఏమైంది?"

"పిల్లకు జరమట. లేస్తలేదట."

"లేస్తలేదన్నరా, పండుకుందన్నరా? సక్కగ చెప్పు."

"నాకేం తెలుసయ్యా! నాకు భయమైతుంది."

"నువ్వు బస్సెక్కు. నేను ఇటునుంచి బయల్దేరుత."

పడమటి మబ్బు చేను అంచుదాకా వచ్చేసింది. ఉల్రికె కెమెరా తీస్తూ అంది: "వెళ్ళు. మిగతాది నేను చూసుకుంటా. నువ్వు ఉండక్కర్లేదు."

ఉదయశ్రీ లేచింది. గట్టెక్కింది. మళ్ళీ దిగింది. బకెట్లోంచి పిడికెడు మట్టి తీసి, తుడిచిన ఎముకల మీద వేసింది.

"ఏం చేస్తున్నావ్! పిచ్చెక్కిందా?" ఉల్రికె కేకకు గట్టు మీది వాళ్ళంతా తిరిగి చూశారు.

ఉదయశ్రీ తన చేతికేసి చూసుకుంది. పని పోయిందనుకుంది. "మా దగ్గర... పోయేముందు అందరూ వేస్తారు," అంది కూడబలుక్కుంటూ. "నా బిడ్డకు నేను వెయ్యలేదు. నన్ను పోనియ్యలేదు."

తొలి చినుకు పెంకు మీద పడింది. ఉల్రికె కెమెరా పక్కన పెట్టింది. వంగి, ఆ మట్టిని కుంచెతో చేటలోకి తీసింది. బకెట్‌వైపు వెళ్ళిన చెయ్యి ఆగింది. చేటను గోడ మీద పెట్టింది.

"పరుగెత్తు. బస్సు పోతుంది."

బస్‌స్టాప్ చేనుకెదురుగానే. బస్సు రాలేదు. ఉదయశ్రీ ఒక చేత్తో ఫోన్ గుండెకు అదుముకుని రోడ్డుకేసి, చేనుకేసి మార్చిమార్చి చూసింది. అవతల ఫొటోలు అయ్యాయి. ఇనుప రేకు కిందికి దూర్చి, అడుగు మట్టితో సహా బిడ్డను పెట్టెలోకి ఎత్తారు. ఉల్రికె పెట్టెను రెండు చేతులా పొదివి పట్టుకుని వ్యాన్‌లో పెట్టింది.

ఫోన్ మోగింది. కీటావాళ్ళు. తన్వి లేచి నీళ్ళు తాగిందట. అమ్మ ఏదని అడుగుతోందట.

"వస్తున్న, వస్తున్న" అంది తెలుగులోనే.

బస్సు తలుపు తెరుచుకుంది. ఎక్కుతూ వెనక్కి తిరిగింది. ఉల్రికె గోడ దగ్గరికొచ్చి, చేట తీసుకుని, ఖాళీ గోతిలోకి వంపి, వెళ్ళిపోయింది. వ్యాన్ కదిలింది.

ఎత్తిన పెంకు గట్టున వానకు ఎర్రబడుతోంది. దాని పక్కన గోతి అడుగున, పిడికెడు మట్టి.