ఐదు నిమిషాల కుర్చీ

తప్పు ఎవరిదని అడిగితే కాలనీవాళ్ళు మర్యాదకి అందరిదీ అంటారు. కానీ నర్సుకి తెలుసు, తప్పు ముమ్మాటికీ తనదే. ఆరోగ్య మేళా పెడదామన్నది ఆమె. అందులో డాన్స్ ఉండాలన్నదీ ఆమె. డాన్స్ ముందు పెట్టి, బీపీ చూసే బల్ల ఆ తర్వాత పెట్టిందీ ఆవిడగారే.

అలా పెట్టడానికి కారణం లేకపోలేదు. అంతకు ముందు రెండుసార్లు క్లినిక్ వాళ్ళు కమ్యూనిటీ హాల్లో ఉచిత పరీక్షలని బ్యానరు కట్టుకుని కూర్చుంటే వచ్చింది పదిమంది. ఆ పదిమందిలో ముగ్గురు ఫ్యాను గాలికి వచ్చారు. ఊరికే జబ్బు పేరు చెబుతామంటే ఎవరొస్తారు చెప్పండి? అదే హాల్లో ఆదివారం పొద్దున్న డాన్స్ క్లాసంటే మాత్రం అరవైమంది గుమ్మంలో చెప్పులు విడిచి వరసలు కట్టేస్తారు. నేర్పేది రిటైరైన బస్సు కండక్టరు. ముప్పై ఏళ్ళ ఉద్యోగం ఆయన ఒంట్లోంచి ఇంకా దిగలేదు. మెడలో ఈల, నోట్లో "రైట్ రైట్". ఎవరైనా అడుగు తప్పితే "హోల్డాన్!" అని ఒక్క కేక పెడతాడు, అరవైమందీ ముందుకు తూలి ఆగుతారు. అందుకే కాలనీలో ఆయన పేరు హోల్డాన్ మాస్టారు.

ముందు వరస మధ్యలో నర్సు వాళ్ళక్క ఉండేది. పదకొండేళ్ళు పెద్దది. వారంలో ఆరు రోజులు లాండ్రీలో ఆస్పత్రుల దుప్పట్లూ, హోటళ్ళ దుప్పట్లూ ఆవిరి ప్రెస్సులోకి తోసి మడతలు పెడుతుంది. ఏడో రోజు ఇక్కడికొచ్చి, నడుం మీద చెయ్యి వేసుకుని ఒక్క గిరకీ తిరిగిందంటే పాతికేళ్ళు తగ్గిపోతాయి. వెనకవాళ్ళు మాస్టారి ఈల వినేది తక్కువ, అక్క కాళ్ళు చూసేది ఎక్కువ.

మొదటి మేళా రోజున నలభై నిమిషాలు డాన్స్ అదరగొట్టారు. తర్వాత చెమటలు తుడుచుకుంటూ, రొప్పుతూ, నవ్వుతూ బల్ల ముందు బారులు తీరారు. మొదటి మనిషికి నూట నలభై ఎనిమిది. రెండో మనిషికి నూట యాభై ఆరు. ఆరో మనిషికి నూట అరవై రెండు. నర్సు మిషను మార్చింది. పట్టీ మార్చింది. అయినా అంతే. ప్రతివాళ్ళకీ చిన్న కాగితం మీద అంకె రాసిస్తుంటే ఆ కాగితాలు పక్కవాళ్ళ కాగితాలతో పోల్చుకుని జనం మొహాలు మాడ్చుకున్నారు. "నర్సమ్మా, మన కుళాయి నీళ్ళలో ఏమైనా కలిసిందంటారా?" అని ఒకాయన అడిగాడు. ఒకావిడ నాకేమైనా అయితే పిల్లల గతేమిటని ఏడుపు మొదలెట్టింది. ఆమెని చూసి ఇంకో ఇద్దరు.

అరవై మూడో మనిషి లేచాక గానీ నర్సుకి వెలగలేదు. బీపీ చూసే ముందు మనిషిని ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోబెట్టాలి. నర్సింగ్ మొదటి ఏడాది మొదటి నెల పాఠం అది! నాలుక కరుచుకుంది. హాల్లో గోల పెరిగిపోతోంది. ఆ కంగారులో మైకు లాక్కుని అరిచింది.

"ఎవరూ భయపడొద్దు! ఇదంతా డాన్స్ వల్లే! ఆ అంకెలు లెక్కలోకి రావు, కాగితాలు చించి పారెయ్యండి!"

చించారు. ఎంత సంతోషంగా చించారో! నేలంతా కాగితం ముక్కలు. నవ్వుకుంటూ ఇళ్ళకి పోయారు.

సాయంత్రం హాలు సర్ది, రిజిస్టరు మూయబోతుంటే ఆఖరి వరస మీద ఆమె చూపు ఆగింది. అక్క పేరు. నూట తొంభై రెండు, కింద నూట పదహారు. మిగతావాళ్ళందరూ డాన్స్ అయిన వెంటనే వచ్చి, వరసలో తోసుకుంటూ అరుచుకుంటూ నిలబడ్డవాళ్ళు. అక్క మాత్రం అందరికీ మంచినీళ్ళు అందించి, ఖాళీ గ్లాసులన్నీ కడిగి బోర్లించి, చివర్లో తీరిగ్గా వచ్చి కూర్చుంది. డాన్స్ ఆపి అప్పటికి గంటన్నర. ఇది డాన్స్ పని కాదు. వాళ్ళమ్మకీ ఇలాగే ఉండేది. చూపించుకోలేదు. ఒకరోజు పొద్దున్న పని చేసుకుంటూ చేసుకుంటూ కుడి చెయ్యి పడిపోయి, ఆరు నెలలు మంచంలో ఉండి పోయింది. అప్పటి నుంచి అక్కే అమ్మ. అక్క ప్రెస్సు ముందు నిలబడ్డ ఏళ్ళే చెల్లెలి నర్సింగ్ చదువు.

మర్నాడు మిషను సంచిలో పెట్టుకుని లాండ్రీకి వెళ్ళింది. లోపల ఆవిరి, వేడి గుడ్డ వాసన. అక్కా, ఇంకొకామె చెరో కొసా పట్టుకుని దుప్పటి దులుపుతున్నారు.

"అక్కా, ఒక్క ఐదు నిమిషాలు కూర్చో. బీపీ చూస్తాను."

"ఎక్కడ కూర్చోనే? ఈ షెడ్డులో కుర్చీ ఎప్పుడైనా చూశావా?"

"బయట మెట్ల మీద కూర్చో."

"నిన్న చూశావుగా."

"నిన్నటిది ఎక్కువొచ్చింది."

"అందరికీ ఎక్కువే వచ్చింది. నువ్వే కదే మైకులో చెప్పావు డాన్స్ వల్లని?" అక్క దుప్పటి నాలుగు మడతలు పెట్టి దొంతర మీద పడేసింది. "నాకేం, గుండ్రాయిలా ఉన్నాను. వెళ్ళు, వెళ్ళి రోగులెవరైనా ఉంటే చూసుకో."

నర్సు ఆ రోజు నోరు మూసుకుని వచ్చేసింది కానీ ఊరుకునే రకం కాదు. వాళ్ళింట్లో మొండితనం ఇద్దరికీ సమానంగా పంచారు. రిజిస్టరు చంకలో పెట్టుకుని మర్నాటి నుంచి కాలికి బలపం కట్టుకుని తిరిగింది. డ్యూటీ దిగడం, ఒక వీధి పట్టడం. టైలరు షాపులో, టైర్ల కొట్టులో, మూడో అంతస్తు వంటింట్లో, ఎక్కడ మనిషి దొరికితే అక్కడ కూర్చోబెట్టి, ఐదు నిమిషాలు నోరు మూయించి చూసింది. నోరు మూయించడమే కష్టం. బీపీ చూడ్డానికి వచ్చినమ్మాయి ఎదురుగా ఉంటే తమ కాళ్ళ నొప్పులు చెప్పకుండా ఎవరుంటారు? నెల రోజుల్లో అరవై రెండు మంది అయ్యారు. యాభై మూడు మందికి ఏమీ లేదు. తొమ్మిది మందికి నిజంగానే ఎక్కువ ఉంది.

ఆ తొమ్మిదిలో ఇద్దరే క్లినిక్‌లో డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళారు. మిగతా ఏడుగురూ మెలికలు తిరిగారు. నిన్ను చూసి కంగారుపడ్డానని ఒకరు, ఇప్పుడే మెట్లెక్కానని ఒకరు. టైర్ల కొట్టాయన మొహం మీదే అడిగేశాడు. "ఇంతకీ మీ అక్క చూపించుకుందా అమ్మా?"

నర్సు పట్టీ చుట్టి సంచిలో పెట్టుకుంది.

అక్క దగ్గరికి ఆ నెలలో ఐదుసార్లు వెళ్ళింది. ఒకసారి బతిమాలింది. ఒకసారి తిట్టింది. ఒకసారి అమ్మ పేరెత్తితే అక్క ఒంటికాలి మీద లేచి, ఇంకోసారి ఆ మాటంటే గడప తొక్కనివ్వనంది. ఇంక ఇలా లాభం లేదు, తాడో పేడో మేళాలోనే తేల్చుకోవాలనుకుంది నర్సు.

"మళ్ళీ మేళానా? పెట్టు. డాన్స్ మాత్రం వద్దు," అంది డాక్టరమ్మ. "పోయినసారి నవ్వులపాలయ్యాం."

"డాన్స్ లేకపోతే ఫ్యాను గాలికొచ్చే ముగ్గురే వస్తారు మేడమ్. డాన్స్ ఉంటుంది. ముందు కూర్చోవడం, తర్వాత ఆడటం. అంతే."

"కూర్చోమంటే కూర్చుంటారా వాళ్ళు?"

దానికి మందు మాస్టారి దగ్గర దొరికింది. సంగతంతా విని ఆయన మీసం దువ్వుకున్నాడు. "టికెట్ లేకుండా నా బండి ఎవడూ ఎక్కలేదమ్మా. నువ్వు బీపీ రాసిచ్చే కాగితమే టికెట్టు. అది చూపిస్తేనే వరసలోకి. హాలు మధ్యలో తాడు కడదాం, దాని దగ్గర నేనుంటాను," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "మీ అక్కయితేనేం, మా అత్తగారైతేనేం," అని కూడా అన్నాడు.

రెండో మేళా రోజు హాల్లో సగం కుర్చీలు, సగం ఖాళీ నేల. మధ్యలో తాడు. కుర్చీల వైపు గోడకి మాస్టారు తన చేత్తో రాసిన అట్ట వేలాడుతోంది. "ప్రయాణికులు ఐదు నిమిషాలు మాట్లాడరాదు." జనం నవ్వుకుంటూనే కూర్చున్నారు, చూపించుకున్నారు, కాగితం పట్టుకుని తాడు దాటారు. ఎక్కువున్నవాళ్ళని పక్క గదిలోకి, డాక్టరమ్మ దగ్గరికి పంపుతున్నారు. మెలికలు తిరిగిన ఆ ఏడుగురిలో ఐదుగురు మాత్రం కుర్చీల వైపు రాకుండా తలుపు పక్కన గుమిగూడి తమాషా చూస్తున్నారు.

అక్క వచ్చింది. ఎవరివైపూ చూడకుండా తిన్నగా తాడు దగ్గరికి నడిచింది.

"టికెట్," అన్నాడు మాస్టారు చెయ్యి చాపి.

"నాకు టికెట్టేమిటి మాస్టారూ? నేను లేకపోతే మీ ముందు వరసే లేదు."

"వరస లేకపోతే బండి షెడ్డులో పెడతానమ్మా. టికెట్ లేనిదే ఎక్కించను."

అక్క మొహం జేవురించింది. చెల్లెలి వైపు ఒక్క చూపు చూసింది. "ఓహో, ఇది నీ పన్నాగమా? మీ డాన్సూ వద్దు, మీ మేళా వద్దు," అంటూ గుమ్మం వైపు తిరిగింది. తలుపు దగ్గరున్న టైర్ల కొట్టాయన పక్కాయన్ని మోచేత్తో పొడిచి నవ్వాడు. అక్క చెప్పుల్లో కాలు పెట్టింది.

నర్సు మైకు అందుకుంది. మైకు గరగరమంది.

"పోయినసారి ఇదే మైకులో మీ చేత కాగితాలు చింపించాను. తప్పు నాది. కూర్చోబెట్టకుండా చూడటం ఒక తప్పు. అన్నీ కలిపి చించెయ్యమనడం ఇంకా పెద్ద తప్పు. అందులో నిజం అంకెలు కూడా ఉన్నాయి. దాన్ని దిద్దుకోవడానికి నెల రోజులు మీ గుమ్మాలెక్కి దిగాను. అరవై రెండు మందిని చూశాను. ఒక్కరు మిగిలారు. ఆ ఒక్కరూ కూర్చునేదాకా ఈ హాల్లో పాట పెట్టను. మీరు తిట్టుకున్నా పెట్టను. వాళ్ళు నన్ను జన్మలో పలకరించకపోయినా పెట్టను."

ఆ ఒక్కరూ ఎవరో చెప్పాల్సిన పని లేకపోయింది. తలలన్నీ గుమ్మం వైపు తిరిగాయి. అక్క అలాగే నిలబడింది, ఒక కాలికి చెప్పు, ఒక కాలికి లేదు. తర్వాత ఆ చెప్పు విదిలించి కొట్టి, విసవిసా వచ్చి కుర్చీలో కూలబడింది.

"నలుగురిలో పరువు తీశావు. చూడు, చూసి చావు."

"ఐదు నిమిషాలు మాట్లాడకూడదు అక్కా."

హాలంతా చప్పున నోరు మూసుకుంది. ఎవరూ చెప్పలేదు. తాడు అవతల ఎక్కడివాళ్ళు అక్కడే నేల మీద కూర్చున్నారు. మాస్టారు ఈల నోట్లోంచి తీసి జేబులో వేసుకున్నాడు. ఫ్యాను తిరిగే చప్పుడు తప్ప ఏమీ లేదు. నర్సు అక్క చేతులకేసి చూసింది. మణికట్ల మీద ఆవిరికి కాలిన పాత మచ్చలు. ఈ మనిషి ఊరికే కూర్చోగా చూడటం ఇదే మొదటిసారేమోనని తోచింది. భయమేసింది ఆమెకి. అంకె తక్కువ రావాలని ఎంత కోరుకుందో, అబద్ధం రాకూడదని అంతే గట్టిగా కోరుకుంది.

నూట ఎనభై ఆరు. కింద నూట పన్నెండు. కాసేపాగి రెండో చేతికి చూసింది. రెండు తగ్గింది, అంతే.

అక్క మిషను తనవైపు తిప్పుకుని అంకె చూసింది. చాలాసేపు చూసింది. ఆమె గొంతులో కోపం లేదు.

"నాకు అనుమానమేనే. పొద్దున్న లేస్తే తల దిమ్ముగా ఉంటోంది. నీకు తెలిస్తే ఇది మానిపిస్తావని చెప్పలేదు. ఆరు రోజులు ఆ ఆవిరిలో ఉంటాను. ఈ ఒక్క గంటా నాది. ఇది కూడా పోతే నాకేం మిగుల్తుంది?"

నర్సుకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇన్ని రోజులూ మొండితనం అనుకుని యుద్ధం చేసింది దీంతోనా?

"ఎవరు మానమన్నారు? ఇవాళ ఆడొద్దు. మందు మొదలుపెట్టి అదుపులోకి రానీ. తర్వాత డాక్టరమ్మే ఆడమంటుంది. నేను కాదు, ఆవిడ నోటితోనే చెప్పిస్తాను."

"నిజంగా?"

"అబద్ధమైతే నన్ను నీ ప్రెస్సులో పెట్టి ఇస్త్రీ చెయ్యి."

అక్క ఫక్కున నవ్వబోయి ఆపుకుంది. తలుపు పక్కన ఐదుగురూ ఇంకా గోడకి ఆనుకునే ఉన్నారు. టైర్ల కొట్టాయన కాస్త గట్టిగానే గొణిగాడు. "కోపంలో ఉంది కదా, పెరగదా మరి?"

అక్క లేచింది. చెల్లెలి చేతిలోంచి మైకు తీసుకుంది. మైకు పట్టుకోవడం ఆమెకి అదే మొదలు, నోటికి మరీ దగ్గరగా పెట్టుకోవడంతో మాట హాలంతా మోగింది.

"నాది నూట ఎనభై ఆరు. అవును, కోపమొచ్చింది. కానీ పోయినసారి నాకు కోపం లేదు, గ్లాసులు కడిగి తీరిగ్గా వచ్చాను. అప్పుడూ ఇంతే. మా అమ్మకీ ఇంతే. గోడకి ఆనుకున్నవాళ్ళు బాగా వినండి. ఇవాళ నేనింకా ఒక్క అడుగు కూడా వెయ్యలేదు."

మైకు చెల్లెలికిచ్చి, కాగితం పట్టుకుని డాక్టరమ్మ గదిలోకి వెళ్ళింది. తర్వాత టైర్ల కొట్టాయన చొక్కా చెయ్యి పైకి మడుచుకుంటూ వచ్చి, అక్క లేచిన కుర్చీలో నోరు మూసుకుని కూర్చున్నాడు.