గలగలక్క

దుప్పటి రెండు మూలలు కలిపి గోడమేకుకు వేలాడే క్లిప్పులో బిగించి, మిగిలిన రెండు మూలలు పట్టుకుని ఆమె వెనక్కి నడిచింది. అవతలి గోడ వీపుకు తగిలేసరికి దుప్పటి బిగుసుకుంది. అంచులు సరిచూసి, ఒక్కసారి విదిలించి, మళ్లీ మేకు వైపు నడిచింది. హోటల్ మంచాల మీద పరిచే దుప్పట్లు పెద్దవి, ఇద్దరు చెరోవైపు పట్టి మడవాల్సినవి. ఎదురు పట్టే పెద్దావిడ పని మానేసి కూతురి దగ్గరికి వెళ్లిపోయినప్పుడు సూపర్‌వైజరు ఇంకో మనిషిని ఇస్తానన్నాడు. అతను ఇవ్వలేదు, ఈమె అడగలేదు. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. ఈమె అడగడం కన్నా మేకు కొట్టుకోవడం తేలికనుకుంది. "మేకు నయం, సెలవడగదు" అని ఒకసారి జోకు కూడా వేసింది. నవ్వడానికి ఆ గదిలో ఎవరూ లేరు.

యాభై దాటిన మనిషి. పొడుగ్గా, సన్నగా ఉంటుంది. ముంజేతుల మీద ఇస్త్రీపెట్టె కాల్చిన పాత చారలు. నెరిసిన జుట్టును లాగి ముడేస్తుంది. ఒంట్లో ఆమె శ్రద్ధగా చూసుకునేవి పాదాలే. రోజూ పడుకునే ముందు గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, మడమలు తోమి, నూనె రాసి, మేజోళ్లు తొడుక్కుంటుంది. తల్లి పోయేదాకా ఆ సేవ తల్లి పాదాలకు చేసింది. పెళ్లిమాట వచ్చినప్పుడల్లా తల్లికి జబ్బు ముదిరేది, వచ్చినవాళ్లు వెళ్లిపోగానే తేలికపడేది. చివరికి పెళ్లిమాటలు రావడమే మానేశాయి. తల్లి పోయాక చేతులకు ఏం పని చెప్పాలో తోచక తన పాదాలకే మొదలుపెట్టింది. ఆ తర్వాత పరుగు బూట్లు కొనుక్కుంది. "ఎవరికమ్మా?" అని షాపతను అడిగితే సిగ్గుపడి, "మా మేనకోడలికి" అని, తన కాళ్లకే తొడిగి చూసుకుంది.

ఈరోజు దుప్పటి దుప్పటికీ ఆగాల్సి వస్తోంది. మెట్లెక్కితే ఆయాసం, ఎడమ చెయ్యి లాగడం కొన్నాళ్లుగా ఉన్నవే. నిన్న డాక్టరు దగ్గరికి వెళితే గుండెకు ఏదో పరీక్ష చేయాలన్నాడు. రేపు పొద్దున రమ్మన్నాడు. మత్తిస్తారట, తోడు మనిషి లేకుండా వస్తే చెయ్యరట. అప్పటిదాకా పరుగులు కట్టిపెట్టమన్నాడు. ఆమెకు గుండె గురించి అంత భయం వేయలేదు. తోడు మనిషి అన్న మాటకే భయం వేసింది.

మధ్యాహ్నం భోజనం డబ్బా పక్కన పెట్టుకుని తమ్ముడికి ఫోన్ చేసింది.

"రేపా? అయ్యో అక్కా, రేపు మా కంపెనీ పెద్దవాళ్లు వస్తున్నారే. కాస్త ముందే చెప్పుంటే..."

"నిన్ననే తెలిసిందిరా."

"నీతో పరుగెత్తేవాళ్లు అంతమంది ఉన్నారుగా. వాళ్లలో ఎవరినైనా రమ్మను. నీకేం తక్కువ, నీ వెనక ఒక సైన్యమే ఉంది!"

"వెనక ఉండేది నేనేరా," అంది. తమ్ముడు నవ్వాడు. ఆమె కూడా నవ్వి ఫోన్ పెట్టేసింది.

సాయంత్రం బూట్లు తొడుక్కుని పార్కు గేటు దగ్గరికి వెళ్లింది. డాక్టరు పరుగు వద్దన్నాడు గానీ తోడు అడగొద్దనలేదు. నడుస్తూ వెళ్తే పోయె. పైగా తను రాకపోతే తాళాల సంచి ఎవరు మోస్తారు?

అక్కడ రోజూ కలిసి పరుగెత్తే ఆడవాళ్లకు ఒక అలవాటుంది. పరుగుకు ముందు గేటు దగ్గర గుండ్రంగా నిలబడతారు. ఒక్కొక్కరూ తమ ఇంటి తాళంచెవిని ఒక గుడ్డసంచిలో వేస్తూ, ఈరోజు ఎవరి కోసం పరుగెత్తుతున్నారో చెబుతారు. ఎవరి దేవుడు వాళ్లకున్నా మొక్కు మాత్రం అందరూ కలిసే మొక్కుతారు. తర్వాత సంచి ఈమె నడుముకు ఎక్కుతుంది. అందరికన్నా మెల్లగా పోయే మనిషికి బరువుతో నష్టమేముందని మొదట్లో ఎవరో అన్నారు. అదీ నిజమే కదా అనుకుంది. అప్పటినుంచి ముందు వెళ్లేవాళ్లు తిరిగి చూడరు. తాళాల చప్పుడు వినపడితే ఆమె వస్తున్నట్టే. పట్టుమని పది మాటలు మాట్లాడని మనిషికి గలగలక్క అని పేరు పెట్టారు. ఆఖరి మనిషి వచ్చి గేటు తాకేదాకా ఎవరూ మంచినీళ్లు ముట్టకూడదన్నది ఇంకో నియమం. తన కోసం అంతమంది దాహంతో నిలబడి ఉండటం ఆమెకు రోజు మొత్తంలో ఇష్టమైన సంగతి. పైకి మాత్రం "తాగేయండమ్మా, నా కోసం ఎందుకు" అనేది.

సంచి ఆమె దగ్గరే ఉంటుంది కాబట్టి ఆమె తాళంచెవి ఇంటి గడప దగ్గరే అందులో పడిపోతుంది. దాంతో నలుగురిలో నిలబడి వేసే వంతు ఆమెకు ఎప్పుడూ రాలేదు. రాలేదని ఎవరూ గమనించలేదు. ఈరోజు మాత్రం నీలం దారం కట్టిన తన తాళంచెవిని గుప్పిట్లో ఉంచుకుంది. అందరిదీ అయ్యాక వేస్తుంది. "ఈరోజు నా కోసం" అంటుంది. అన్నాక అడగడం తేలికవుతుంది.

అందరినీ కూడగట్టే టీచరమ్మ ముందు వేసింది. "మా అమ్మ మోకాళ్ల కోసం."

"నా ప్రమోషన్ కోసం. స్వార్థమే, ఏమనుకోకండి," అంది బ్యాంకులో పనిచేసే అమ్మాయి. అందరూ నవ్వారు. మరికొందరు వేశారు.

కవలల తల్లి వేయబోయి ఏడ్చేసింది. "చిన్నదానికి మళ్లీ ఫిట్స్ వచ్చాయి. ఆసుపత్రి నుంచే వస్తున్నా. కాసేపు గాలి పీల్చుకుని రమ్మని మా ఆయనే పంపాడు."

అందరూ ఆమెను చుట్టేసుకున్నారు. టీచరమ్మ పైకి ప్రార్థించింది. గలగలక్క కూడా కళ్లు మూసుకుని మనసారా మొక్కింది. తెరిచేసరికి గుప్పిట్లో తాళంచెవి చెమటకు తడిసి ఉంది. పసిదాని ప్రాణం ముందు తన ముసలి గుండె ఊసు ఎలా ఎత్తుతుంది?

"టీచరమ్మా," అంది అయినా.

"చెప్పక్కా." టీచరమ్మ వంగి బూటు లేసు బిగిస్తోంది.

"ఏం లేదు. మీరు పదండి, నేనొస్తా."

తిరిగి వచ్చి తాళాలు ఇచ్చేటప్పుడు అడగాలనుకుంది. నడుస్తాననుకున్నది కాస్తా, వాళ్లు దూరమవుతుంటే పరుగందుకుంది. ముందునుంచి మాటలు ముక్కలు ముక్కలుగా వచ్చేవి, మేజోళ్ల గురించి, ఎవరి అత్తగారి గురించో. నవ్వు మాత్రం మొత్తంగా వినపడేది. దేనికి నవ్వారో తెలియకుండానే ఆమె కూడా రోజూ నవ్వేది. ఈరోజు అడగాల్సిన మాటను కూర్చుకుంటూ పరుగెత్తింది. "రేపు మీకు పనేమైనా ఉందా" అంటే దొంగమాటలా ఉంది. "ఒక్క గంట చాలు" అంటే అడుక్కున్నట్టుంది.

నీళ్లట్యాంకు మలుపు దగ్గర ఛాతీ మీద ఎవరో మోకాలు పెట్టి నొక్కినట్టయింది. బెంచీ మీద కూర్చుంది. సంచి విప్పి ఒళ్లో పెట్టుకుంది. చప్పుడు ఆగింది. చెట్ల మధ్య ఇంకా వెలుతురుంది. అప్పుడు దొరికింది మాట. నాకు తోడు రండి. అంతే. ఇంత చిన్న మాటకా ఇన్నేళ్లు అనుకుంటే నవ్వొచ్చింది. మర్చిపోకుండా ఒకసారి పైకి అని చూసుకుంది. తర్వాత తల పక్కకు వాల్చింది.

గేటు దగ్గర అందరూ మూతలు తీయని సీసాలు పట్టుకుని నిలబడ్డారు.

"గలగల రావట్లేదే?" అంది బ్యాంకు అమ్మాయి.

"ఎవరో కొత్తవాళ్లు అలిసిపోయుంటారు, తోడు నడుస్తూ ఉంటుంది. ఆ మనిషి గుణమే అంత," అంది టీచరమ్మ.

ఆమె వెనకబడిందంటే మరొకరి కోసమేనని వాళ్ల నమ్మకం. ఆమె కాళ్లే మెల్లనివని, ఈమధ్య మరీ మెల్లనయ్యాయని ఎవరికీ తోచలేదు. ఇంకాసేపు చూశారు. దాహం వేస్తోంది.

"ఈరోజు కొత్తవాళ్లెవరూ రాలేదు కదా," అంది కవలల తల్లి.

మొదటిసారి అందరూ వెనక్కి పరుగెత్తారు.

అంబులెన్సు వాళ్లు వచ్చి చూసి తల అడ్డంగా ఊపారు. ఇంటివాళ్లకు చెప్పాలంటే ఇల్లెక్కడో ఎవరికీ తెలియలేదు. బేకరీ వెనక అని ఒకరు, కాదు వంతెన అవతల అని ఒకరు అన్నారు. ఒక్కరూ వెళ్లి చూసినవాళ్లు కారు. టీచరమ్మ ఆమె చిన్న ఫోన్లో చివరి నంబరు నొక్కింది.

"ఆఁ అక్కా, చెప్పు," అంది అవతలి గొంతు. "రేపు ఆసుపత్రికి తోడు ఎవరొస్తున్నారు?"

టీచరమ్మకు విషయం చెప్పడానికి చాలాసేపు పట్టింది. తర్వాత మిగతావాళ్లకు ఆ ప్రశ్న చెప్పింది. నేను సెలవు పెట్టేదాన్ని కదా అని బ్యాంకు అమ్మాయి ఏడ్చింది. అడిగి ఉంటే అందరూ వెళ్లేవాళ్లే. అది నిజం, అందుకే ఎవరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేకపోయారు.

ఇళ్లకు వెళ్లాలంటే సంచిలో చెయ్యి పెట్టాలి. మొదట ఎవరికీ మనసొప్పలేదు. చివరికి కవలల తల్లి తీసింది, ఆమె వెనక ఒక్కొక్కరే తీసుకున్నారు. స్ట్రెచర్ ఎత్తేముందు గలగలక్క గుప్పిట విప్పితే నీలం దారం తాళంచెవి కనపడింది. దాన్ని ఎందుకు సంచిలో వేయలేదో టీచరమ్మకు అప్పుడు అర్థమైంది.

"అక్క కోసం," అని దాన్ని ఖాళీ సంచిలో వేసి, తన నడుముకు కట్టుకుని గేటు వైపు నడిచింది. ఒక్క తాళంచెవే కదా, దారంతా చప్పుడు చేయలేదు.