పారమ్మ బొట్టు పెట్టిన ఇంజన్

నేను ఒక కారు ఇంజన్ని. మంచిదాన్నని చెప్పుకోను, కోపిష్టిదాన్ని. నా పుట్టుకే అలాంటిది మరి. ఎర్రగా కాగి నీళ్లలా పారే ఇనుమును ఇసుక అచ్చులో పోశారు. సరిగ్గా చల్లారనివ్వకుండానే అచ్చు పగలగొట్టి బయటికి లాగారు. ఒంటినిండా తూట్లు పొడిచారు, గీకారు, బోల్టులు దిగ్గొట్టారు. ఇంత చేసి కడుపులో నిప్పు పెట్టి, "శభాష్, నడుస్తోంది!" అని చప్పట్లు కొట్టారు. మీ ఇళ్లలో బిడ్డ పుడితే ఇలాగే చేస్తారా?

కొట్టుకోవడం తప్పని మీరంటారు. ఆ నీతులు నా దగ్గర చెప్పకండి. నా కడుపులో పేలుడు మీద పేలుడు జరుగుతుంటేనే కదా మీరు వెనక సీట్లో కాలు మీద కాలు వేసుకుని పెళ్లిళ్లకు వెళ్లేది! ఆ పేలుళ్లు ఆగిన మరుక్షణం మీరే రోడ్డు మీద నిలబడి నన్ను తిడతారు. మనిషికి దెబ్బలాట అక్కర్లేదని కాదు, అది బానెట్ కింద కనపడకుండా జరగాలి, అంతే.

నన్ను మొదట కొన్నవాడు ఒక రోడ్ల కాంట్రాక్టరు. అందరి దగ్గరా మెత్తగా మాట్లాడేవాడు, కూలీల దగ్గర తప్ప. కూలీలు ఎదురు తిరిగిన రోజు ఆ కసంతా నా మీద తీర్చుకునేవాడు. రేడియేటర్లో నీళ్లున్నాయో లేవో చూడకుండా తొక్కి తొక్కి నడిపేవాడు. నేను ఆవిరి కక్కుకుని ఆగిపోతే దిగి కారును కాలితో తన్నేవాడు. ఒకసారి అలాగే తన్ని బొటనవేలి గోరు ఊడగొట్టుకున్నాడు. చెప్పొద్దూ, నాకు భలే సంతోషమేసింది! ఆ కుంటికాలితోనే నన్ను విజయనగరం తెచ్చి, అమ్మి వదిలించుకున్నాడు.

కొన్నవాళ్లు అన్నదమ్ములు. అన్న గౌరినాయుడు, తమ్ముడు అప్పలసూరి. తల్లీ తండ్రీ లేని తమ్ముణ్ని అన్నే పెంచాడు, చెవి మెలిపెట్టి డ్రైవింగు నేర్పాడు. ఊళ్లో కిరాయిలు అన్నవి, కొండదారి కిరాయిలు తమ్ముడివి. గౌరినాయుడి పెళ్లాం పారమ్మ ఇద్దరికీ కలిపే అన్నం కలిపి ముద్దలు పెట్టేది. చూడముచ్చటైన సంసారం. నాకు కూడా కొంచెం కోపం తగ్గిందేమోనని భయపడ్డాను.

అలా ఉండగా ఒక బందు రోజున గౌరినాయుడు పొరపాటున ఊరేగింపుకి ఎదురెళ్లాడు. రాళ్లు వానలా పడ్డాయి. ముందు అద్దం పగిలి అతని నుదురు చీరుకుపోయింది. ఎవడో కిరసనాయిలు గుడ్డ అంటించి బానెట్ మీదికి విసిరాడు. ఇంకొకడు తలుపు పీకి, అతని కాలరు పట్టుకుని బయటికి ఈడుస్తున్నాడు. నెత్తురు కళ్లలోకి దిగుతుంటే గౌరినాయుడు తాళం తిప్పాడు. ఒక్క తిప్పుకే అందుకున్నాను నేను. అరిచానంటే అలా ఇలా కాదు, కాలరు పట్టుకున్నవాడు దడుచుకుని వదిలేశాడు. రోడ్డు మీద కాలుతున్న టైర్లను తొక్కుకుంటూ ఆ మనిషిని ఆసుపత్రి గుమ్మం దాకా చేర్చాను.

అప్పట్నుంచి అతనికి నేనంటే పిచ్చి. "ఈ ఇంజిను నా పానం కాసింది," అని కనపడిన వాళ్లందరికీ చెప్పేవాడు. పారమ్మ ఇంకో అడుగు ముందుకేసింది. దసరాకి బండికి చేసే పూజ చాలదనిపించి, బానెట్ ఎత్తించి నాకు వేరే పూజ మొదలుపెట్టింది. ఆయిలు పోసే చోట పైన ఒక గుండ్రటి మూత ఉంటుంది. "ఇదే కదా దీని నెత్తి," అని ఆ మూతనిండా ముద్ద పసుపు మెత్తి, మధ్యలో కాసంత కుంకుమ బొట్టు పెట్టింది. మరుసటి దసరాకి దాని మీదే ఇంకో పొర. ఆ మరుసటి ఏడు ఇంకోటి. ముత్తయిదువు పెట్టిన బొట్టు చెరపకూడదు కదా! అన్నదమ్ములు ఆయిలు పోసేటప్పుడు కూడా మూతను అంచులు పట్టుకుని భక్తిగా తిప్పేవాళ్లు. షెడ్డులో మేస్త్రి సైతం దాని మీద వేలు పెట్టేవాడు కాదు.

అయ్యా, ఆ మూతకున్న సన్నటి రంధ్రాలే నా ముక్కు! లోపల పుట్టే ఆవిరి అక్కణ్నుంచే బయటికి పోవాలి. పసుపూ ఆయిలూ కలిసి సిమెంటులా గట్టిపడి ముక్కు మూసుకుపోయింది. ఊపిరాడక ఒత్తిడి పెరిగి, లోపలున్న ఆయిల్ని దొరికిన సందులోంచల్లా బయటికి తోసేసింది. మొదట నేల మీద చుక్కలు పడ్డాయి. తర్వాత మడుగు కట్టింది. ఆయిలు కారకుండా పట్టి ఉంచే వెనక సీలు పోయిందని మేస్త్రి దాన్ని మార్చాడు. మళ్లీ కారింది. మళ్లీ మార్చాడు. మళ్లీ కారింది. చివరికి చేతులు తుడుచుకుంటూ తేల్చేశాడు.

"ముసిల్దైపోనాది నాయుడూ. ఎన్ని సీళ్లేసినా ఇంతే. వేరే ఇంజినెక్కించేసుకో."

అప్పలసూరి తలాడించాడు. గౌరినాయుడికి మాత్రం ఒళ్లు మండిపోయింది. "మీ అమ్మ ముసిల్దైపోతే వేరే అమ్మని తెచ్చుకుంటావేట్రా?" అని మేస్త్రి మీదికి వెళ్లాడు. అప్పటికి మాట అక్కడితో ఆగింది.

నేను కార్చిన ఆయిలు నేల మీదే పడలేదు. క్లచ్ ప్లేటు మీద పడి అది జారిపోవడం మొదలైంది. నేనెంత గింజుకున్నా నా బలం చక్రాలకు అందడం లేదు. సాలూరు ఘాటులో అప్పలసూరి ఒక కుటుంబాన్ని ఎక్కించుకుని వెళ్తుంటే సరిగ్గా మలుపు మధ్యలో కారు కదలనంది. పైనుంచి దిగుతున్న లారీ ఆపుకోలేక ఈడ్చి కొట్టింది. రోడ్డు అంచు గోడ విరిగింది. వెనక చక్రం ఒకటి లోయ మీద గాల్లో తిరుగుతోంది. సీట్లో పెద్దాయన భుజం ఎముక విరిగి కేకలు పెడుతున్నాడు. అందరూ ఎలాగో దిగి బతికారు. బతికామని తెలిసిన వెంటనే ఆ పెద్దాయన కొడుకులు అప్పలసూరిని రోడ్డు మీద పడేసి కొట్టారు. చెప్పులతో, బెల్టుతో, చేతికి దొరికిన రాయితో కొట్టారు. అతను ఒక్కసారి కూడా చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

పన్ను ఊడి, పెదవి చీలి, కారును ఇంకో లారీకి కట్టించి లాక్కుంటూ అప్పలసూరి ఇంటికొచ్చాడు. గౌరినాయుడు పరుగెత్తుకొచ్చాడు. వచ్చి బానెట్ ఎత్తి నన్ను చూశాడు.

"ఇంజినుకేటీ కానేదు కదా?" అన్నాడు.

తమ్ముడి మొహం అప్పుడు చూశాను నేను. ఆ బెల్టు దెబ్బలు అంత బాధపెట్టి ఉండవు. పారమ్మ ఏడుస్తూ తడిగుడ్డ తెచ్చి మరిది నోరు తుడిచింది. అతను లోపలికి వెళ్లిపోయాడు.

ఒళ్లు నొప్పులు తగ్గి, సొట్టలూ క్లచ్ ప్లేటూ బాగుచేయించాక, అన్నతో ఒక్క మాట చెప్పకుండా నన్ను షెడ్డుకి తీసుకెళ్లాడు. బానెట్ విప్పించాడు. నా పక్కనే గొలుసుకి ఇంకో ఇంజను వేలాడుతోంది, కడిగి ముస్తాబు చేసి. దాన్ని చూడగానే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అంతలో ఎవరు చెప్పారో, గౌరినాయుడు చొక్కా గుండీలు కూడా పెట్టుకోకుండా ఊడిపడ్డాడు.

"ఎవుల్నడిగి తెచ్చేవురా?"

"ఎవుల్నీ అడగనేదు. నాను సచ్చిపోతే నువ్వెవుల్నడుగుతావు?"

"సీలేయించుదాం. ఈపాలి గట్టిదేయించుదాం."

"రెండుపాల్లేయించేవు. లోయలో పడితే నాక్కూడా సీలేయిస్తావేటి?"

గౌరినాయుడు లాగి చెంప మీద కొట్టాడు. మానుతున్న పెదవి మళ్లీ చీలి నెత్తురు గడ్డం మీదికి కారింది. షెడ్డులో అందరూ చూస్తున్నారు. మేస్త్రి మెల్లగా టైర్ల వెనక్కి జారుకున్నాడు. అప్పలసూరి నెత్తురు తుడుచుకోలేదు. గోడకి ఆనించి ఉన్న సమ్మెట అందుకున్నాడు.

"నీకు నానెక్కువో, ఇదెక్కువో ఇయ్యాల తేలిపోవాల!"

నేను ముక్కలైతే అన్న ఇక బాగుచేయించలేడు. అదీ అతని లెక్క. పుట్టినప్పట్నుంచి పేలుళ్లు మింగి బతికినదాన్ని, ఆ సమ్మెట గాల్లోకి లేస్తుంటే నిజంగా భయపడ్డాను. "ఒద్దురా!" అంటూ గౌరినాయుడు నా మీదికి వంగి అరచెయ్యి అడ్డం పెట్టాడు. ఎత్తిన సమ్మెట ఆగలేదు. సరిగ్గా ఆ మూత మీద, అతని చేతి మీద దిగింది. ఎముకలు నలిగిన చప్పుడు నేను విన్నాను. నా లోపల ఎన్ని చప్పుళ్లు ఉన్నా అలాంటిది ఎప్పుడూ లేదు. మూత పగిలి ఊడిపోయింది. పసుపు పెళ్లలు లేచిపోయాయి. ఆ కంతలోకి అతని నెత్తురు ధారగా కారింది.

"అన్నా! ఓరన్నా!"

సమ్మెట పారేసి, అన్నని చిన్నపిల్లాణ్ని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని సీట్లో పడుకోబెట్టాడు అప్పలసూరి. బానెట్ లేకుండా, మూత లేకుండా నన్ను స్టార్టు చేసి, ఏడుస్తూ, హారన్ కొడుతూ, ఎదురొచ్చినవాళ్లని బూతులు తిడుతూ ఆసుపత్రికి పరుగెత్తించాడు. ఇటువంటి సమయంలో చెప్పాల్సిన మాట కాదు గానీ చెప్తాను. ఎన్నో ఏళ్లకి నాకు ఊపిరాడింది. ఒళ్లంతా తేలికైపోయి, కుర్రతనం వచ్చినట్టు పరుగెత్తాను.

అన్నని లోపలికి తీసుకెళ్లాక అప్పలసూరి బయటికొచ్చి నా పక్కన కూలబడ్డాడు. చాలాసేపటికి కారు కింద నేల చూశాడు. పొడిగా ఉంది. మళ్లీ స్టార్టు చేసి, వంగి చూశాడు. పైన నాలుగు తుంపర్లు చిందాయి గానీ కింద చుక్క లేదు. నా పక్క సందులో ఇరుక్కున్న మూత ముక్క తీసి, గోటితో పసుపు గీకాడు. రంధ్రాలు కనపడ్డాయి. ఆ మూత పట్టుకుని తల నేలకేసి కొట్టుకున్నాడు పాపం. ఆపడానికి నాకు చేతులు లేవు.

గౌరినాయుడికి రెండు వేళ్లు తీసేశారు. మిగిలిన సంగతి, ఆసుపత్రి నుంచి అన్నని ఇంటికి తీసుకెళ్తూ, దారిలో కారు ఆపి, అప్పలసూరి నా వెనక కూర్చునే చెప్పాడు. పారమ్మ మందుల కొట్టు దగ్గర దిగి ఉంది.

"ఇంజిను బాగానే ఉందన్నా. ఇప్పుడు కారట్నేదు. వదిన పెట్టిన పసుపుకి మూత పూడిపోనాది. అంతే."

గౌరినాయుడు కట్టు కట్టిన చేతిని ఒళ్లోకి లాక్కున్నాడు.

"ఈ మాట ఇంకెవులికి సెప్పేవు?"

"ఎవులికీ సెప్పనేదు."

"మీ వదినకి సెప్పకు. తెలిస్తే ఆ బొట్టుతోనే నా సెయ్యి పోయిందని కుమిలి సచ్చిపోతాది." నా వైపు గడ్డం ఎత్తి చూపించి అన్నాడు, "ఇంజిను మార్పించెయ్."

"బాగుందన్నా! నిచ్చేపంలా ఉంది! ఇప్పుడెందుకు?"

"నువ్వు నోట్లో నెత్తురు కారతా ఇంటికొచ్చిన్రోజు నాను ముందు దీన్ని సూసేన్రా. నిన్ను సూణ్నేదు. ఇది మనింట్లో ఉన్నన్నాళ్లు నువ్వది మరిసిపోనేవు, నాను ఆ సమ్మెట మరిసిపోనేను. పీకించెయ్."

అప్పలసూరి స్టీరింగు మీద తల ఆనించి భోరుమన్నాడు. గౌరినాయుడు మంచి చేత్తో అతని వీపు నిమిరాడు. పారమ్మ మందులు పట్టుకుని వచ్చేసరికి ఇద్దరూ మొహాలు తుడుచుకుని ఎండ గురించి మాట్లాడుకుంటున్నారు.

ఆ వారంలోనే నన్ను గొలుసుకి కట్టి పైకి లాగేశారు. ఇప్పుడు పాత ఇనుము కొట్టులో పడి ఉన్నాను. ఎదురుగా ఇద్దరు మనుషులు చేతులకి గుడ్డలు చుట్టుకుని సమ్మెటలు సిద్ధం చేసుకుంటున్నారు. వచ్చిన కొత్తలో కోపంతో ఉడికిపోయాను. చుక్క కారని ఇంజన్ని, ఇప్పుడిప్పుడే ఊపిరి పీలుస్తున్నదాన్ని, పగలగొట్టించడమేమిటి? మనుషులకి బుద్ధుందా అని తిట్టుకున్నాను. బాగుచేయించడమా, మార్చడమా అని అంతకాలం కొట్టుకుని, బాగుపడ్డాక మార్చేవాళ్లని మీరెక్కడైనా చూశారా?

నిన్న ఆ కొట్టు ముందునుంచి వాళ్ల కారు వెళ్లింది. అప్పలసూరి నడుపుతున్నాడు. పక్క సీట్లో గౌరినాయుడు ఎడమ చేత్తో ఏదో ఒలిచి తమ్ముడి నోట్లో పెడుతున్నాడు. ఇద్దరూ నా వైపు చూడలేదు. నా కోపం ఎటు పోయిందో నాకే తెలియలేదు.

మొదటివాడు అరచేతుల్లో ఉమ్ముకుని సమ్మెట ఎత్తాడు. కొట్టు నాయనా, గట్టిగా కొట్టు. ఈసారి నా మీద ఎవరి చెయ్యీ అడ్డం లేదు.