క్యాలెండరు మూలన బొద్దుది

మా డిపార్టుమెంటు అచ్చువేసిన క్యాలెండరులో మార్చి నెల నాది. నిద్రజబ్బు తెచ్చే ఏకకణ పరాన్నజీవికి నేను తీసిన ఫొటో అది. సన్నటి ఒళ్లు, ఆ ఒంటి పొడవునా అతుక్కున్న తోక. ఆ ఒక్క ఫొటోతో నా కళ్లు నెత్తికెక్కాయి. మైక్రోస్కోపులోకి చూసేవాళ్లకు కళ్లు నెత్తిమీద ఉంటే పనికి రాదని ఆలస్యంగా తెలిసింది.

తోకను పెంచే ప్రొటీనును ఆపేస్తే కణం ఏమవుతుందో తేల్చడం నా పని. ఆ ఫొటో కూడా ఆ పనిలో తీసిందే. ఎంతకీ తేలలేదు. "నెలాఖరుకి ఏదో ఒకటి చూపించు. లేదంటే లాబ్‌లో నీ బెంచి ఇంకొకరికి ఇచ్చేస్తాను," అన్నారు మా గైడు మేడం. బెంచి పోతే ఉద్యోగం పోయినట్టే. నాకు నిజంగా భయమేసింది.

ఏం కనిపించాలో మాత్రం నాకు ముందే తెలుసు: ఒళ్లు మామూలుగా పొడుగ్గా, తోక పొట్టిగా. తోకంటే ఒంటికి తగిలించిన అలంకారమేగా! నేను పట్టిన కుందేటికి మూడే కాళ్లు. అలాంటి కణం ఒక్కటీ దొరకలేదు. అన్నీ పొడవాటివే, మధ్యమధ్య కురచగా, బొద్దుగా కొన్ని. అవి చావుబతుకుల్లో ఉన్నవని నేనే తీర్పు చెప్పేశాను. బొద్దువి ఎక్కువైతే కణాలు పెంచే ఫ్లాస్కు పాడైందని బ్లీచ్ పోసి, కడిగి, మళ్లీ మొదలుపెట్టేదాన్ని. అంత శుభ్రంగా నా ఇల్లు కూడా ఎప్పుడూ తుడుచుకోలేదు.

ఆ ఆదివారం అమ్మ దగ్గరికి వెళ్లాను. వంటింట్లో నా క్యాలెండరు వేలాడుతోంది. అమ్మ పేజీ తిప్పనివ్వదు. ఆవిడ లెక్కలో ఏడాదంతా మార్చే.

"ఈ మూల బొద్దుగా ఉన్నదేమిటే?" అంది అమ్మ, గరిటెతో చూపిస్తూ.

"అది జబ్బుదమ్మా. కత్తిరించేద్దామంటే పక్కదాని తోక తెగిపోతోంది. అందుకే వదిలేశా."

"జబ్బేమిటి, నిండుగా, చక్కగా ఉంటేనూ!"

అమ్మకు ఒళ్లున్న ప్రతివాళ్లూ చక్కగానే కనిపిస్తారు. నాకు ఒళ్లు మండింది.

"ఏం చక్కదనం? తోక చూడు, ఇక్కడికే ఆగిపోయింది. ఒళ్లు కూడా ఇక్కడికే..."

నా నోరు కూడా అక్కడే ఆగిపోయింది.

"ఊఁ, ఒళ్లు కూడా?" అంది అమ్మ.

తోక ఎంతవరకు సాగితే ఒళ్లూ అంతవరకే. పొడుగు ఒంటికి పొట్టి తోక దొరకదు, అలాంటిది పుట్టదు గనక. చచ్చేవైతే ఫ్లాస్కులో రోజురోజుకీ ఎలా ఎక్కువవుతాయన్న ప్రశ్న నా బుర్రకు ఒక్కసారీ తట్టలేదు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికాను. వెతకడమే కాదు, ఆ పిల్లకు బ్లీచ్ కూడా పోశాను.

అన్నం సగంలో వదిలేసి లాబ్‌కు పరిగెత్తాను. పాత ఫ్లాస్కులన్నీ తళతళలాడుతున్నాయి, నా పుణ్యమా అని. ఫ్రీజరులో దాచిన కణాలతో మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి బొద్దువాటిని పారబోయకుండా కొలిచాను. తోక ఎంత కురచైతే ఒళ్లూ అంత కురచ.

నెలాఖరున మేడం మైక్రోస్కోపులోకి చాలాసేపు చూశారు.

"బాగుంది. ఇవి ఇంతకుముందు ఎప్పుడూ రాలేదా?"

"వచ్చాయి మేడం."

"మరి ఏవి?"

నేను సింకు వైపు చూశాను. మేడం కూడా చూశారు. తర్వాత నన్ను చూశారు. నేను నేల చూపులు చూశాను.

"బెంచి నీకే ఉంటుంది," అన్నారు. "ఆ బ్లీచ్ సీసా మాత్రం తెచ్చి నా గదిలో పెట్టు."